వసారాల ఊరు బొలోన్యా

1288లో బొలోన్యా నగర పాలకులు ఒక చట్టం చేశారు. ఊళ్లో కొత్తగా ఇల్లు కట్టే ప్రతివాళ్లూ వీధివైపు వసారా వేసి తీరాలి. పాత ఇంటికి లేకపోతే ఇప్పుడైనా కట్టించాలి. ఎత్తు ఏడు బొలోన్యా అడుగులకు, అంటే ఇప్పటి కొలతల్లో 2.66 మీటర్లకు తగ్గకూడదు. గుర్రమెక్కిన మనిషి కింద నుంచి దాటాలి మరి. స్థలం ఇంటాయనది, ఖర్చు ఇంటాయనది, మరమ్మతులూ ఆయనవే. నడిచే హక్కు మాత్రం ఊరందరిదీ.

ఆ నియమం పుణ్యాన ఇటలీలోని ఆ ఊళ్లో ఇవాళ 62 కిలోమీటర్ల వసారాలున్నాయి. అక్కడివాళ్లు పోర్తిచి అంటారు. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి నేను అక్కడ ఎమ్మెస్సీ ముగించుకుని హైదరాబాద్ వచ్చేసి చాలాకాలమైంది. వార్త చూసి మా పాత వాట్సాప్ గ్రూపులో ఒకడు "మనం గొడుగు కొనని ఊరికి అవార్డొచ్చిందర్రా" అని పెట్టాడు. నవంబరులో వారాల తరబడి ముసురు పట్టినా, క్లాసుకు తడవకుండా వెళ్లి తడవకుండా వచ్చేవాళ్లం. రోడ్డు దాటే నాలుగడుగులు మాత్రం పరుగు.

అసలు ఈ వసారాలు ఎలా పుట్టాయో మా ప్రొఫెసర్ ఒకాయన చెప్పేదాకా నాకు తెలియదు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో ఆ ఊరికి చదువుకోవడానికి పిల్లలు, పనికోసం పల్లెజనం తెగ వచ్చిపడ్డారట. ఇళ్లు చాల్లేదు. ఉన్న ఇంటినే పెంచాలి. ప్రహరీ లోపల ఊరు కాబట్టి పక్కకి చోటు లేదు. దాంతో పై అంతస్తును వీధిమీదికి జరిపి ఒక గది సంపాదించారు. దూలాలు ఆ బరువు ఆపలేకపోతే కింద కర్ర స్తంభాలు నిలబెట్టారు. స్తంభాలకీ గోడకీ మధ్య మిగిలిన నీడే వసారా. అలాంటివి ఇటలీలో మిగతా ఊళ్లూ కట్టుకున్నాయి గానీ, వీధి ఇరుకైపోతోందని చాలాచోట్ల తీయించేశారు. బొలోన్యావాళ్లు తీయించకపోగా చట్టం చేశారు. 1568లో కర్ర స్తంభాలు మార్చి ఇటుకతోగానీ రాతితోగానీ కట్టుకోమన్నారు. అయినా కొన్ని కర్రవి మిగిలాయి. స్త్రాదా మజ్జోరె వీధిలో కాసా ఇసొలాని అనే ఇంటి ముందు పదమూడో శతాబ్దపు ఓక్ స్తంభాలు, మూడంతస్తుల ఎత్తువి, ఇంకా నిలబడున్నాయి. పైన దూలంలో మూడు బాణాలు గుచ్చుకుని ఉన్నాయని చెబుతారు. మెడ నొప్పెట్టేలా చూశాను, నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

మా అమ్మమ్మగారి ఊళ్లో వీధరుగు ఇలాంటిదే. ఇల్లు మనది, అరుగు మీద కూర్చునేవాడు ఎవడైనా కావచ్చు. గాజులమ్మేవాడు గంప దించుకునేవాడు, పోస్ట్‌మేన్ మంచినీళ్లు అడిగేవాడు. మొన్నమొన్న రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధి మొత్తం మీద ఒక్క అరుగూ మిగల్లేదు. బొలోన్యాలో రోడ్డు వెడల్పు చేసినవాళ్లు కొన్నిచోట్ల వసారాలతో సహా కొత్త భవనాలు కట్టారు. అంతే తేడా.

సరే, చదువుకునే పిల్లల గదుల కోసం పుట్టిన వసారాల ఊళ్లో నాకు గది దొరకలేదు. ఆ మొదటి సెప్టెంబరు తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. వియా జంబోని అని యూనివర్సిటీ వీధి ఒకటుంది. అక్కడ స్తంభాల నిండా కాగితాలు అంటించి ఉండేవి. కింద అంచున ఫోన్ నంబరు రాసిన చీలికలు, చింపుకుని పట్టుకుపోవడానికి. నేను చూసేసరికి చీలికలన్నీ అయిపోయిన కాగితాలే ఎక్కువ. ఫోన్ చేస్తే నా ఇటాలియన్ రెండు ముక్కలు వినగానే "ఇచ్చేశాం" అనేవాళ్లు. కొందరికి నిజంగానే అద్దెకు పోయుంటుంది, కొందరికి కాదు. గొంతులో తెలుస్తుంది కదా. వరంగల్ నుంచి వచ్చిన సీనియర్ అక్క గదిలో నేలమీద పరుపేసుకుని పడుకున్నాను. ఆ అక్క గదిలో అప్పటికే మరో ఇద్దరున్నారు.

చివరికి వియా సరగొత్సా వైపు ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. భర్త పోయాడు, కూతురు మిలాన్లో ఉంటుంది. నన్ను చూడగానే ఆవిడ అడిగింది ఒకటే: ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటావా? ఒంటరిగా భోంచేయడం ఆవిడకి నచ్చదు. ఉంటానన్నాను. నేను ఆవిడని సిన్యోరా అనేదాన్ని. నా పేరు ఆవిడ నోట్లో సగం విరిగిపోయేది. అది సరిచేయాలని నాకు అనిపించలేదు.

బొలోన్యా యూనివర్సిటీ 1088లో పుట్టిందని అంటారు. యూరప్‌లో అన్నిటికన్నా పాతది. ఆ తేదీ అంత కచ్చితమేమీ కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో ఎనిమిది వందల ఏళ్ల పండగ చేయడానికి పెద్దలు కూర్చుని నిర్ణయించారు. నాకు నచ్చింది తేదీ కాదు, అది నడిచిన పద్ధతి. మొదట్లో దానికి భవనం లేదు, యాజమాన్యం లేదు. రోమన్ న్యాయశాస్త్రం నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు గుంపులు కట్టి, డబ్బులు పోగేసుకుని పంతుళ్లని పెట్టుకున్నారు. రెక్టర్, అంటే అందరికీ పెద్ద, ఆయన కూడా విద్యార్థే. పంతులు ఆయన మాట వింటానని ప్రమాణం చేయాలి. గంట కొట్టగానే పాఠం మొదలుపెట్టాలి, మళ్లీ గంట కొట్టగానే ఆపాలి. ఆలస్యమైతే జరిమానా. సెలవు అడక్కుండా ఒక్కరోజు కూడా మానకూడదు. ఊరు దాటి వెళ్లాలంటే తిరిగొస్తానని పూచీగా సొమ్ము కట్టి వెళ్లాలి. మామూలు పాఠానికి ఐదుగురైనా రాకపోతే ఆ రోజు రానట్టే లెక్క, మళ్లీ జరిమానా. ఇంజనీరింగ్ కాలేజీలో అటెండెన్స్ కోసం లెక్చరర్ల వెంట తిరిగిన నాకు ఈ సంగతి విన్నరోజు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

పరాయి ఊరివాళ్లకి ఆ రోజుల్లో రక్షణ ఉండేది కాదు. ఒకడు అప్పు ఎగ్గొడితే అతని ఊరివాడు ఇంకెవడు కనబడితే వాడి దగ్గర వసూలు చేసేవారు. అందుకే కట్టారు ఆ గుంపులు. పన్నెండో శతాబ్దం మధ్యలో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా, చదువుకోవడానికి వచ్చినవాళ్ల జోలికి అలా వెళ్లొద్దని శాసనం ఇచ్చాడు. సాన్ ఫ్రాన్చెస్కో చర్చి పక్కన నడిస్తే గుడిగోపురాల్లా పొడుచుకొచ్చిన సమాధులు కనబడతాయి. అవి రాజులవి కావు, న్యాయశాస్త్ర వ్యాఖ్యాతలవి, అంటే పంతుళ్లవి. జరిమానాలు వేసినా గౌరవం తక్కువేం చేయలేదు.

విశ్వవిద్యాలయానికి తనదంటూ భవనం 1563లో వచ్చింది. ఆర్కిజిన్నాసియో. ఇప్పుడది గ్రంథాలయం. లోపలి వరండాలు, మెట్లు, గోడలు, కప్పు, ఎక్కడ చూసినా రంగురంగుల డాళ్లు. చదివి వెళ్లిన విద్యార్థుల వంశచిహ్నాలు, సుమారు 6,000. ఒక్కో గుర్తు కింద పేరు, ఊరు. చదువు మానేసి నేను చాలాసార్లు చేసిన పని ఆ ఊళ్ల పేర్లు చదువుకోవడం. జర్మన్లు, పోలండ్ వాళ్లు, స్పెయిన్ వాళ్లు, వీళ్లలో ఎంతమందికి మొదటి నెలలో గది దొరికిందో అనుకునేదాన్ని.

ఆ భవనంలోనే ఉంది శవాల్ని కోసి పాఠం చెప్పే శవపరీక్షల గది, తెయాత్రో అనతోమికో. 1637 నాటిది. పూర్తిగా కర్రపని. మధ్యలో తెల్ల పాలరాతి బల్ల, దాని చుట్టూ మెట్లు మెట్లుగా బెంచీలు, పైకప్పు మీద అపోలో, ఆయన చుట్టూ నక్షత్ర మండలాలు. పంతులు కూర్చునే పీఠానికి రెండు పక్కలా చర్మం ఒలిచిన రెండు కర్ర మనుషులు నిలబడి కప్పు మోస్తుంటారు. ఎర్కోలె లెల్లి చెక్కినవి. కండరాలు, నరాలు అన్నీ కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు నా వెన్ను జలదరించింది. 1944 జనవరి 29న పడ్డ బాంబుకి ఆ గది నేలమట్టమైంది. యుద్ధమయ్యాక శిథిలాల్లోంచి కర్రముక్కలు ఒక్కొక్కటీ ఏరి, ఎక్కడిదక్కడ పెట్టి తిరిగి కట్టారు. ఇప్పుడు మనం చూసేది ఆ ఏరిన ముక్కల గదే.

గోడల్లో పాత వైద్యుల విగ్రహాలున్నాయి. వాళ్లలో ఒకాయన చేతిలో ముక్కు పట్టుకుని నిలబడ్డాడు. గాస్పారె తాల్యకోత్సి, పదహారో శతాబ్దంవాడు. కత్తియుద్ధాల్లో ముక్కులు పోగొట్టుకున్నవాళ్లకి చేతి చర్మంతో కొత్త ముక్కు అతికించేవాడు. చర్మం అంటుకునేదాకా చెయ్యి ముఖానికి కట్టేసి వారాల తరబడి ఉంచేవాడట. గైడు ఇది చెబుతుంటే నేను చెయ్యెత్తి, మా సుశ్రుతుడు చెంప చర్మంతో ముక్కు అతికించే పద్ధతి అంతకు ఎంతో ముందే రాశాడని చెప్పాను. ఆయనకి ఆ సంగతి తెలుసు. "ఆ పుస్తకం తాల్యకోత్సి చేతికి వచ్చుంటే, పాపం ఆ రోగుల చేతులు అన్ని వారాలు కట్టేయాల్సిన పని ఉండేది కాదు" అన్నాడు. గుంపంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఊరి ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. లౌరా బాస్సి 1732లో, ఇరవయ్యేళ్ల వయసులో డాక్టరేటు అందుకుని అదే యూనివర్సిటీలో అధ్యాపకురాలైంది. ఆ కాలంలో ఎక్కడా లేని సంగతి. అయితే ఆడది కాబట్టి మగవాళ్లతో సమానంగా రోజూ బహిరంగ పాఠాలు చెప్పనివ్వలేదు. ఆవిడ ఊరుకోలేదు, ఇంట్లోనే ప్రయోగశాల పెట్టి న్యూటన్ భౌతికశాస్త్రం బోధించింది. పిల్లల్ని కంటూ, పెంచుతూనే. ప్రయోగాత్మక భౌతికశాస్త్రంలో ఆచార్య పీఠం 1776లో గానీ ఇవ్వలేదు, ఆవిడ పోవడానికి రెండేళ్ల ముందు. భర్తని ఆవిడకి సహాయకుడిగా వేశారు. ఆ నియామకపత్రం ఇంట్లో చదువుకున్నప్పుడు ఆ మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు మహా కోరిక.

అదే కాలపు మనిషి అన్నా మొరాంది. మైనంతో మనిషి శరీర భాగాలు చేసేది. వైద్య విద్యార్థులు వాటిని చూసి నేర్చుకునేవాళ్లు. యూనివర్సిటీ వాళ్ల పలాత్సో పోజ్జి మ్యూజియంలో ఆవిడ మైనంతో చేసుకున్న తన బొమ్మ ఉంది. పట్టు గౌను, ముత్యాలు, చక్కటి నగలు, పెళ్లికి తయారైనట్టు కూర్చుంది. చేతులు మాత్రం ఒక మెదడును కోస్తున్నాయి. నేను చూసిన అన్ని బొమ్మల్లోనూ నాకు గుర్తుండిపోయింది ఇదే. వెనిస్, ఫ్లారెన్సుల్లో చూసినవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

పెద్ద చర్చి సాన్ పెత్రోనియో 1390లో మొదలైంది, ఇంకా పూర్తికాలేదు. ముఖం కింద సగం పాలరాయి, పై సగం మొండి ఇటుక. డబ్బయిపోయిందంటారు, రోమ్‌లోని సెయింట్ పీటర్స్ కన్నా పెద్దదైపోతుందని పోప్ అడ్డుపడ్డాడంటారు. ఎవరి కథ వాళ్లది. లోపల నేలమీద 1655లో కాస్సీని అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గీసిన గీత ఒకటుంది, దాదాపు 67 మీటర్ల పొడవు. ఇరవై ఏడు మీటర్ల ఎత్తున కప్పులో చిన్న కన్నం. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ కన్నంలోంచి వెలుగు బిళ్ల నేలమీద పడి గీతను దాటుతుంది. వేసవిలో కన్నానికి దగ్గరగా చిన్న బిళ్ల, చలికాలంలో దూరంగా సాగిన పెద్ద బిళ్ల. ఆ బిళ్ల వెడల్పు ఏడాది పొడుగునా కొలిచి, సూర్యుడి వేగం మారినట్టు కనిపించడం భ్రమ కాదని, కెప్లర్ చెప్పినట్టు నిజంగానే మారుతుందని కాస్సీని చూపించాడు. గెలీలియోని శిక్షించి పట్టుమని పాతికేళ్లు కాలేదు అప్పటికి, పైగా బొలోన్యా పోప్ ఏలుబడిలోని ఊరు. లెక్క మాత్రం చర్చి నేలమీదే తేల్చారు. ఫోన్‌లో పన్నెండు కొట్టిన సగటున పావుగంటకి గానీ అక్కడ అసలు మధ్యాహ్నం అవదు. అదే వేసవి అయితే ఒంటిగంట దాటాలి. లంచ్ బ్రేకులో వెళ్లి నిలబడేదాన్ని. బిళ్ల జరగడం కంటికి తెలుస్తుంది.

భోజనం సంగతి ఎక్కువ చెప్పను, ఆ ఊరి తిండి మీద కావలసినంత మంది రాశారు. పంది, గొడ్డు మాంసం తినని నాకు బొలోన్యాలో సగం మెనూ మూతపడినట్టే. సిన్యోరా ఆదివారం పొద్దున్నే చెక్కబల్ల మీద పిండి కుప్పలో గుడ్లు కొట్టి, చేయంత పొడుగు అప్పడాలకర్రతో పల్చటి దుప్పటిలా చాచేది. తనకి మాంసం పెట్టిన తోర్తెల్లీని, నాకు రికోట్టా జున్ను పెట్టిన తోర్తెల్లోని. తాల్యతెల్లె అంటే రిబ్బన్‌లా ఉండే పాస్తా. ఊళ్లోని వాణిజ్య మండలి దగ్గర బంగారంతో చేసిన తాల్యతెల్లె ఒకటి ఉంది. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలట, ఊరి మధ్యనున్న ఆసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు. 1972లో అధికారికంగా నమోదు చేసి పెట్టారు. ఈ లెక్క సిన్యోరాకి చెబితే కొలబద్ద ఎక్కడుందో వెతకడానికి కూడా లేవలేదు. "ఆ కాగితం రాసినవాళ్లు పిండి కలిపారా?" అంది.

ఆవిడకి భక్తి ఎక్కువ కాదు. భర్త కమ్యూనిస్టు, మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు. అందులో వింత లేదు, 1945 నుంచి 1999 దాకా ఆ ఊరి మేయర్లంతా వామపక్షంవాళ్లే. కానీ మే నెలలో సాన్ లూకా అమ్మవారు కొండదిగి వస్తుందంటే మాత్రం ఆవిడ ముందు రోజే జుట్టు సెట్ చేయించుకునేది. మేరీమాత చిత్రపటం అది, సెయింట్ లూక్ గీశాడని నమ్మకం. ఊరికి నైరుతి దిక్కున కొండమీద ఉంటుంది. 1433లో వానలు ఆగక పంటలు కుళ్లిపోతుంటే పటాన్ని ఊళ్లోకి ఊరేగింపుగా తెచ్చారట, వాన ఆగింది. అప్పటి నుంచి ఏటా తెస్తున్నారు.

వాన ఆపిన అమ్మవారిని వానలో తడవకుండా తేవడానికే కట్టారు ప్రపంచంలోకెల్లా పొడవైన వసారా. సరగొత్సా ద్వారం నుంచి కొండమీది గుడి దాకా 3.8 కిలోమీటర్లు, 666 కమానులు. 1674లో పునాది వేశారు. కొండపైకి చేరడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. సొమ్ము ఒక్కరిది కాదు. ధనవంతులు, వృత్తి సంఘాలు, మామూలు ఇళ్లవాళ్లు తలా ఒక కమాను, కొందరు కలిసి ఒక కమాను కట్టించారు. ఎవరు ఇచ్చారో చెప్పే పలకలు, చిహ్నాలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. కొండమీదికి సామాను చేరవేయడానికి 1677లో ఊరి జనం వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ ఇటుక, ఇసుక అందించారు. దాన్ని తలుచుకుంటూ ఇప్పటికీ బడిపిల్లలు అలా వరసకట్టి నిలబడతారు.

సిన్యోరాతో ఆ కొండ ఎక్కడం ఒక అనుభవం. మెలొంచెల్లో కమాను దాకా నేల చదునే. అక్కడి నుంచి మెట్లు, ఎక్కుడు. ఆవిడ ప్రతి పది కమానులకీ ఆగి ఒక పలక చదివి, ఆ ఇంటివాళ్ల మంచీ చెడూ చెప్పేది. మూడు వందల ఏళ్ల కిందట పోయినవాళ్ల మీద చాడీలు! ఫలానా కుటుంబం సగం కమానుకే డబ్బిచ్చి పేరు మాత్రం పెద్దక్షరాల్లో చెక్కించుకుందని ఆవిడ కోపం. అందులో నిజమెంతో నేను వెతకలేదు. జాగింగ్ చేసేవాళ్లు మమ్మల్ని దాటి పైకి పోయి, దిగి, మళ్లీ ఎక్కుతుండేవాళ్లు. పరీక్ష గట్టెక్కితే మోకాళ్ల మీద ఎక్కుతానని మొక్కుకున్న ఒక ఇటాలియన్ క్లాస్‌మేట్ కూడా నాకు తెలుసు. మొక్కు తీర్చాడో లేదో అడగలేదు.

ఆగస్టు 2 మాత్రం ఆవిడతో వెళ్లలేదు. ఆవిడ రాదు.

1980 ఆగస్టు 2, శనివారం, సెలవులకు బయల్దేరిన జనంతో స్టేషన్ కిక్కిరిసి ఉంది. ఉదయం 10:25కి రెండో తరగతి వెయిటింగ్ రూమ్‌లో బాంబు పేలింది. 85 మంది చనిపోయారు, రెండొందల మందికి పైగా గాయపడ్డారు. నయా ఫాసిస్టు ముఠావాళ్లకి శిక్షలు పడ్డాయి. వెనకున్నవాళ్ల గురించిన కేసులు దశాబ్దాల తర్వాత కూడా నడిచాయి. అంబులెన్సులు చాలక 37 నంబరు సిటీ బస్సు కిటికీలకి తెల్ల దుప్పట్లు కట్టి మృతదేహాలు మోసింది. వెయిటింగ్ రూమ్ తిరిగి కట్టినప్పుడు గోడలో ఆ చీలిక అలాగే వదిలేశారు, పక్కన పేర్లు, వయసులు. అందరికన్నా చిన్నదానికి మూడేళ్లు.

ఏటా ఆ రోజు ఊరి నడిబొడ్డున ఉన్న పియాత్సా, అంటే చౌకు, నుంచి స్టేషన్ దాకా ఊరేగింపు నడుస్తుంది. 10:25కి రైలు కూత వేస్తుంది, ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. వేలమంది ఉంటారు. నేను వెళ్లిన ఏడు నా పక్కన టాక్సీ డ్రైవరు ఒకాయన నిలబడి ఏడ్చాడు. ఆ రోజు ఆయన స్టేషన్ బయట బండితో ఉన్నాడట, క్షతగాత్రుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

స్టేషన్ బయటి గోడకి ఉన్న గడియారం ముల్లు 10:25 దగ్గర ఆగి ఉంటుంది. ఇంటికొచ్చి అడిగితే సిన్యోరా, "ఆ రోజు ఆగింది, ఇక కదల్లేదు" అంది. నేను తర్వాత చదివాను. పేలుడు అయ్యాక దాన్ని బాగుచేసి మళ్లీ నడిపారు, చాలా ఏళ్లు మామూలుగానే తిరిగింది. 1996లో చెడిపోయినప్పుడు, ఊరివాళ్లు కోరితే, ఎప్పటికీ 10:25 దగ్గరే ఉంచేశారు. కానీ ఊళ్లో ఎవరినడిగినా అది మొదటి నుంచీ ఆగే ఉందంటారు. రోజూ ఆ స్టేషన్లో రైలెక్కినవాళ్లు కూడా. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీని మీద పరిశోధన కూడా చేశారు. సిన్యోరాకి నేను ఆ సంగతి చెప్పలేదు. ఆ పదహారేళ్లలో ఆవిడ ఎన్నిసార్లు ఆ గడియారంలో టైమ్ చూసుకుని మిలాన్ రైలెక్కి ఉంటుందో!

పియాత్సా అంటే గుర్తొచ్చింది. వేసవి రాత్రుళ్లు పియాత్సా మజ్జోరెలో పెద్ద తెర కట్టి ఉచితంగా సినిమాలు వేస్తారు. పాత రీళ్లు బాగుచేయడంలో బొలోన్యా ల్యాబ్‌కి ప్రపంచంలో పేరుంది. సత్యజిత్ రే అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోతే, మిగిలిన ముక్కల్ని నీరసించిన రోగిని లేపినట్టు మెత్తబరిచి, అతికించి, ఫ్రేము ఫ్రేమూ బతికించింది ఇక్కడే. శవపరీక్షల గదిని ముక్కలేరి కట్టిన ఊరికి ఆ పని కొత్త కాదనుకోండి. ఆ చౌకు పక్కనే మునిసిపాలిటీ భవనం. 1257లో ఆ ఊరి పెద్దలు 5,855 మంది కట్టు బానిసల్ని యజమానుల దగ్గర ఖజానా సొమ్ముతో కొని వదిలిపెట్టారు. పెద్దవాళ్లకి పది లీరలు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఎనిమిది. విడుదలైన ప్రతి ఒక్కరి పేరూ రాసిన పుస్తకం ఇంకా ఉంది. స్వతంత్రులైతే పన్ను కడతారు కదా అనే లెక్క కూడా అందులో ఉందని చరిత్రకారులు అంటారు. ఉండనీ, పేర్లు రాశారుగా.

ఊరి మధ్య రెండు గోపురాలుంటాయి. ఒకప్పుడు డబ్బున్న కుటుంబాలు పోటీపడి దాదాపు వంద కట్టాయంటారు, ఇప్పుడు ఇరవై చిల్లర మిగిలాయి. ఆసినెల్లి 97 మీటర్లు, 498 కర్ర మెట్లు. పక్కనున్న గారిసెండా 48 మీటర్లు, అదీ పద్నాలుగో శతాబ్దంలో కూలుతుందని భయపడి పైభాగం కోసేశాక మిగిలింది. పీసా గోపురానికి తీసిపోనంతగా వంగింది. ఇటాలియన్ మహాకవి దాంతే తన కావ్యంలో ఆ వంపును ప్రస్తావించాడు, ఆ పద్యం రాసిన పలక గోడకి బిగించి ఉంది. డిగ్రీ చేతికి రాకముందు ఆసినెల్లి ఎక్కితే ఇక ఎప్పటికీ డిగ్రీ రాదని విద్యార్థుల నమ్మకం. సైన్సు చదివేవాళ్లం కూడా ఎక్కలేదు. బంధువులు చూడ్డానికొస్తే వాళ్లని ఎక్కించి మేం కింద జెలాటో తింటూ కూర్చునేవాళ్లం.

థీసిస్ డిఫెన్స్ అయిన రోజున తలకి లారెల్ ఆకుల కిరీటం పెడతారు అక్కడ. సిన్యోరా వచ్చింది, మళ్లీ జుట్టు సెట్ చేయించుకుని. ఇంటికెళ్లాక కిరీటంలోంచి నాలుగాకులు తుంచి పప్పుచారు లాంటి తన లెంటిల్ సూప్‌లో వేసింది, ఎప్పుడూ వేసేది అవే మరి. మర్నాడు మేం అందరం ఆసినెల్లి ఎక్కాం. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులే గానీ వసారాలు ఒక్కటీ కనబడవు.

2023 అక్టోబరులో గారిసెండా ప్రమాదకరంగా ఉందని చుట్టూ కంచె కట్టి దారి మూసేశారు. ఆసినెల్లి ఎక్కడం కూడా ఆపేశారు. పీసా గోపురాన్ని నిలబెట్టినప్పుడు వాడిన ఉక్కు సరంజామా తెచ్చి దీనికి వాడతామన్నారు, ఏళ్లు పట్టే పని. మొన్న ఒక జూనియర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అక్కా, వచ్చే నెల నా డిఫెన్స్. గోపురం మూసేశారు, మరి నేను ఏం ఎక్కాలి?" సాన్ లూకా ఎక్కమన్నాను. దానికి ఏ శాపమూ లేదు, టికెట్టూ లేదు. దాంతోపాటే ఇంకో మెసేజ్ కూడా పెట్టింది, తను ఖాళీ చేసే గది కోసం ఇప్పటికే నలభై మంది అడిగారట, ఖమ్మం అమ్మాయి ఒకతి సెప్టెంబరులో దిగుతోంది, ముందు ఆమెకి చెప్పనా అని.